బాస తప్పిన చోటే కథ: సీమ జానపదంతో ప్రేమ ఫాంటసీ రాసేవాళ్లకు

కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. ఎందుకయ్యా అంటే ప్రేమ గొడవ అంటారు. వీరభద్రుడూ కాళికమ్మా ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్లి మాట వచ్చేసరికి వీరభద్రుడు నాన్చాడు. అమ్మ తరఫువాళ్లకు ఒళ్లు మండింది, పిడకలు లేచాయి. పక్క ఊరు కారుమంచి నుంచి గుర్రం మీద ఒకాయన వచ్చి గుళ్లో పూజ చేసి పోయాక యుద్ధం మొదలవుతుంది. గాలి నిండా పేడ దుమ్మే. దెబ్బలు తగిలినవాళ్లు గుడికి పోయి విభూతి రాసుకుంటారు. అంతా సద్దుమణిగాక ఆ ఇద్దరికీ కల్యాణం చేస్తారు.

ఇష్టం, అవమానం, రెండు వర్గాలు, కొట్లాట, రాజీ, పెళ్లి. పదహారేళ్ల పాఠకురాలు తెల్లవార్లూ చదివే నవలకు కావలసిన ఎముకలన్నీ ఇందులో ఉన్నాయి. అయినా మన కుర్ర రచయితలు ఫాంటసీ అనగానే పేరులేని రాజ్యం, మంచు కొండలు, శాపం తగిలిన గంధర్వుడు, కత్తి తిప్పే రాకుమారి అంటూ మొదలుపెడతారు. జొన్నరొట్టె తిని పెరిగినవాళ్లు మంచు గురించి రాస్తే అది చల్లగా ఉండదు, ఉత్త తెల్లగా ఉంటుంది.

జానపదం వాడుకోవడమంటే జీవుల జాబితా తీయడం అనుకుంటారు చాలామంది. యక్షిణి ఒకటి, నాగకన్య ఒకటి, కొరివిదయ్యం ఒకటి, ఏడు సముద్రాల అవతల చిలక ఒకటి. జీవిని తెచ్చుకుంటే వేషం మాత్రమే వస్తుంది. తెచ్చుకోవాల్సింది బాసను, అంటే ఇచ్చిన మాటను, దానికున్న షరతును. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉందన్నది అందరికీ గుర్తుంటుంది. అంతకాలం బాలనాగమ్మ అతన్ని దగ్గరికి రానీయకుండా ఆపింది దేనితో? నోము పట్టానన్న ఒక్క మాటతో. అంత మాయ తెలిసినవాడు కూడా ఆ మాట దాటలేకపోతాడు. కథను మోసింది ఆ మాటే, చిలక చివర్లో పనికొచ్చింది.

బాస ఎట్లా పనిచేస్తుందో విప్పి చూడాలంటే బనగానపల్లె దగ్గరి నందవరం చౌడేశ్వరమ్మ కథకు మించింది లేదు. నంద మహారాజుకు మాయ పావుకోళ్లు దక్కుతాయి. అవి తొడుక్కుంటే తెల్లారేలోపు కాశీకి పోయి గంగలో మునిగి వెనక్కి రావచ్చు. ఒకటే షరతు, ఎవరికీ చెప్పకూడదు. రోజూ తెల్లవారుజామున పక్కలో మొగుడు కనపడకపోతే ఏ పెండ్లాం ఊరుకుంటుంది? రాణి పట్టుబడుతుంది. రాజు చెప్పేస్తాడు, ఆమెనూ వెంటబెట్టుకుపోతాడు. కాశీలో రాణి ముట్టవుతుంది, పావుకోళ్లు పనిచేయకుండా పోతాయి. అక్కడి బ్రాహ్మణులు తమ పుణ్యం ధారపోసి గండం గట్టెక్కిస్తే, మీకు కష్టమొస్తే ఆదుకుంటానని రాజు మాటిస్తాడు. తర్వాత కాశీలో కరువొచ్చి వాళ్లు నిజంగానే నందవరం వస్తారు. రాజు సాక్ష్యం తెమ్మంటాడు. ఆ సాక్ష్యం చెప్పడానికి అమ్మవారే బిలం గుండా నందవరం వస్తుంది.

ఇందులో రచయితకు కావలసినవి నాలుగున్నాయి. మాయ ఇచ్చేది ఒకే ఒక్కటి, దూరాన్ని తగ్గించడం. పావుకోళ్లు తొడుక్కున్నంత మాత్రాన రాజు బలవంతుడు కాడు, అందగాడు కాడు. రెండు, దానికి గడువుంది. మూడు, షరతుంది. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. షరతు తప్పినవాడు ఒకరు, శిక్ష పడింది ఇంకొకరికి. రహస్యం బయటపెట్టింది రాజు, నింద పడింది రాణి ఒంటి మీద.

నేటి పిల్లల కోసం రాసేవాళ్లు ఆగాల్సింది ఇక్కడే. ముట్టు సంగతిని ఉన్నదున్నట్టు దించేస్తే చదివే ఆడపిల్ల పుస్తకం మూసేస్తుంది, మూసేయాలి కూడా. తీసేస్తే కథ నడుం విరుగుతుంది. మూడో దారి ఉంది. మీ కథలో ఉన్న అమ్మాయితో "పావుకోళ్లకు ఎట్లా తెలిసింది?" అని అడిగించండి. అవి ఆగిపోయింది ముట్టుకు కాదు, ఒక్కరు దాచాల్సిన రహస్యాన్ని ఇద్దరు మోయడం వల్ల అని ఆమె కనిపెట్టనీయండి. వందల ఏళ్లుగా ఊరు చెప్పుకుంటున్న కారణం తప్పని తేలడం కన్నా పెద్ద మలుపు ఏ డ్రాగనూ తేలేదు.

సొంత బాస తయారు చేసుకునేటప్పుడు ఒకే వాక్యంలో రాయండి. "ఫలానాది చేయనంతకాలం ఫలానాది దక్కుతుంది, చేస్తే ఫలానావాళ్లు ఫలానాదాన్ని పోగొట్టుకుంటారు." నాలుగు ఖాళీలూ నిండకపోతే నవల మొదలుపెట్టొద్దు. నిండాక ఒక పరీక్ష ఉంది. ఆ షరతును తప్పించేది ప్రేమేనా, పొరపాటా? "పొద్దు పొడిచేటప్పుడు నీళ్లు తాగకూడదు" అన్నది చెడ్డ షరతు. ఎవరో ఒకరు మరచిపోయి తాగుతారు, పాఠకుడికి చిరాకొస్తుంది. "అతని చేత్తో పెట్టింది తినకూడదు" అన్నది మంచి షరతు. ప్రేమ పెరిగేకొద్దీ ఆ ముద్ద నోటి దగ్గరికి వస్తూనే ఉంటుంది.

ఒక నమూనా కట్టి చూద్దాం. చోటు బెలుం గుహలు, కొలిమిగుండ్ల మండలం. నడవడానికి వీలున్న దారులు 3,229 మీటర్లని కొలిచారు, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా సందర్శకులకు తెరిచి ఉంచారు. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, ముఖద్వారం నుంచి 46 మీటర్ల కింద. అక్కడ ఒక నీటిపాయ కనిపించి, భూమిలోకి దిగి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావిలోకి పోతుందని అక్కడివాళ్ల నమ్మకం. లోపల పాము పడగలు విప్పినట్టు రాళ్లు వేలాడే చోటుకు వేయిపడగలు అని పేరే ఉంది. తడితే మోగే రాళ్లున్న గుహ ఇంకొకటి. నాగలోకాన్ని కొత్తగా ఊహించుకునే శ్రమ ఏముంది?

అమ్మాయి పేరు ఓబులమ్మ, ఇంట్లో ఓబి. తాడిపత్రిలో డిగ్రీ మొదటి ఏడు. గుహలో పాతాళగంగ దగ్గర జారిపోయిన కాలిపట్టీ, వారం తర్వాత ఊరి బావిలో ఆమె చేదలో పైకి వస్తుంది. దానికి ముడేసిన దారం ఆమెది కాదు. కింద ఎవరో ఉన్నారు. ఇక బాస ఇది: పైనున్నవాళ్లు కిందివాడి పేరు పెట్టి పిలవనంతకాలం బావిలో నీళ్లుంటాయి, పిలిస్తే ఊరు నీళ్లు పోగొట్టుకుంటుంది.

ఈ షరతు ఎందుకు నిలుస్తుందో చూడండి. మొగుడి పేరు నోటితో చెప్పని జేజమ్మలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. రేషన్ డీలరు అడిగినా పక్కనున్న మనవరాలి వైపు చూస్తారు. ఆ ఆచారానికి ఓబి నవ్వుతూ పెరిగింది, ఇప్పుడు అదే ఆమె మెడకు చుట్టుకుంది. రెండోది, నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సరిగ్గా పడినట్టని అనుకునే అనంతపురం ఆనుకునే ఉంది. ఇక్కడ బావి ఎండడమంటే లోకం మునగడమే. దానికోసం చీకటి రాజు, భూతాల సేన అక్కర్లేదు. బావి ఎండాక ఊరు ఏం చేస్తుందో కూడా మీరు కల్పించక్కర్లేదు. కప్పలకు పెళ్లి చేస్తారు, విరాటపర్వం చదివిస్తారు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూసేవాణ్ణి పిలుస్తారు. టెంకాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు లెక్క. మీ నవలలో ఆ టెంకాయ ఓబి ఎదురుగా వచ్చినప్పుడు లేచి నిలబడిందనుకోండి. ఊరంతా చూస్తుండగా, ఒక్క మాట లేకుండా, దోషి ఎవరో తేలిపోతుంది.

గుహ గురించి రాసేటప్పుడు జరిగే తప్పులు రెండు. లోపల చల్లగాలి వీస్తుందని రాస్తారు. బెలుంలో లోపలికి పోయేకొద్దీ ఉక్క, చొక్కా ఒంటికి అంటుకుంటుంది. ఈ చెమట ప్రేమకథకు చలికన్నా ఎక్కువ పనికొస్తుంది, వాడుకోండి. రెండోది కాలం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూవిజ్ఞాని ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. జనానికి తెరిచింది 2002లో. మీ కథ 1995లో జరిగితే లోపల దీపాలుండవు, టికెట్టుండదు. ఇంకో మాట, వీరుడు ఆవేశంలో వేలాడే రాతిని విరిచి ఆయుధం చేసుకునే సీను దయచేసి వద్దు. అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టే సున్నపురాయి అది.

అడవి కావాలనుకునేవాళ్లు అహోబిలం వైపు పోతారు. పోవాలి కూడా, నరసింహస్వామి చెంచులక్ష్మి కథ మన వైపు పుట్టిన గొప్ప ప్రేమకథ. హిరణ్యకశిపుణ్ణి చీల్చినవాడు ఒక చెంచు పిల్ల ముందు పరీక్షకు నిలబడతాడు. దుంపలు తవ్వాలి, చెట్లెక్కాలి, తేనె తీయాలి, అడవిలో బతకడం చేతనవుతుందని చూపాలి. ఇప్పటికీ స్వామి చెంచులకు అల్లుడే. కనుమ నాడు పారువేట, అంటే స్వామి వేటకు బయలుదేరే ఉత్సవం, మొదలై, పల్లకి దాదాపు 40 రోజులు ఊరూరా తిరుగుతుంది. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని స్వామి స్వయంగా పిలుచుకుంటూ పోతాడన్నమాట. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు.

నవల కట్టేవాడికి ఈ 40 రోజులు బంగారం. గడువు దానంతటదే వచ్చింది, పల్లకి రోజుకో చోటికి కదులుతుంది కాబట్టి ప్రయాణమూ వచ్చింది, చివర్లో పెళ్లి ఖాయం. పల్లకి వెనక నడిచే కుర్రాడు, బాణం వేసిన పిల్ల అనుకుంటే మొదటి అధ్యాయం రాసుకోవచ్చు. దేవుణ్ణి మాత్రం హీరోగా పెట్టొద్దు. దేవుడు హీరో అయితే ఓడిపోడు, ఓడిపోనివాడి ప్రేమకు ఉత్కంఠ ఉండదు. పైగా తర్వాత వచ్చే రచ్చ వేరే. దేవుడి చిక్కును మనిషికి ఇవ్వండి చాలు.

చెంచుల మధ్య సీను రాస్తే ఒక్క వివరం మీద నిలబడండి, తేనె తాడు. కొండ చరియకు పట్టిన తేనెపట్టు కోసం మనిషి తాడు మీద వేలాడుతూ దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అంటారు. అక్క మెడలో తాళి తెగనీయడు కదా! ఇప్పుడు పెళ్లికాని కుర్రాడు తేనెకు దిగాల్సి వచ్చిందనుకోండి. వాడికి బావమరిది లేడు. తాడు ఎవరు పట్టాలి? అంతవరకూ వాణ్ణి చూస్తేనే మండిపడుతున్న అమ్మాయి తమ్ముడు ముందుకొచ్చి, మాట్లాడకుండా తాడు నడుముకు చుట్టుకుంటే, అదే నిశ్చితార్థం. ఐ లవ్ యూ అన్న మాట ఆ అధ్యాయంలో ఎక్కడా రాదు, రాకూడదు. కింద పొగ, పైన తాడు కొండ అంచుకు రాసుకునే చప్పుడు, తమ్ముడి అరచేతిలో లేచిన బొబ్బ. అంతే రాయండి.

అదే చెంచులను మంత్రాలు తెలిసిన అడవి మనుషులుగా, హీరోకి దారి చూపి చచ్చిపోయే పాత్రలుగా రాస్తే ఆ పుస్తకం అక్కడే చెడుతుంది. చెంచు పిల్లకు ఆధార్ కార్డుంది, శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో పనుంది, పులుల అభయారణ్యం రూల్స్‌తో గొడవుంది. మాయ ఉన్నా లేకపోయినా ఇవి ఉండాలి.

దేవుని కడపలో సంగతి వేరే రకం. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడు అని ఉగాది నాడు ముస్లింలు గుడికి వచ్చి మొక్కిపోతారు. సుల్తాను కూతురైన ఈ నాంచారి స్వామి విగ్రహాన్ని ప్రేమించిన కథ శ్రీరంగంలోనూ, మేల్కోటలోనూ వేరే రూపాల్లో ఉంది, దాన్నే మళ్లీ చెప్పడంలో కొత్తేమీ లేదు. నాకైతే పెళ్లయ్యాక కథ ఆసక్తి. పుట్టింటివాళ్లు ఏడాదికోసారి వస్తారు. ఆ ఒక్క పూట ఆమె రాతి నుంచి బయటికొస్తే ఎవరితో ముందు మాట్లాడుతుంది, అన్నతోనా, మొగుడితోనా?

ఇక చంద్రుడు. మనవాళ్ల ఫాంటసీల్లో ప్రతి ముఖ్యమైన రాత్రీ పున్నమే. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే ముందురోజు అమావాస్య. కైరుప్పల పిడకల యుద్ధం విదియ నాడు. ఆ సాయంత్రం పడమట సన్నని నెలవంక కనపడి, చీకటి పడ్డాక కాసేపటికే కుంగిపోతుంది. ఆ రాత్రి వెన్నెల్లో కలుసుకున్నారని రాస్తే పల్లెటూరి పాఠకుడు అక్కడే నవ్వుతాడు. కలుసుకోవడం చీకట్లోనే, చేతులకు పేడ వాసనతోనే. దేవరగట్టు బన్ని ఉత్సవం దసరా రాత్రి. దశమి చంద్రుడు అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతంలో కుంగుతాడు. కర్రల సమరం వెన్నెలలోనూ కాగడాల వెలుగులోనూ మొదలై, వెన్నెల పోయాక కాగడాలే మిగులుతాయి. ఈ ఒక్క మార్పుతో సీను రెండు ముక్కలవుతుంది, మొదటి ముక్కలో మొహాలు కనపడతాయి, రెండో ముక్కలో కనపడవు. ఎవరి కర్ర ఎవరికి తగిలిందో తెలియకూడదంటే రెండో ముక్క వాడుకోండి. కనుమ సంగతి వేరు, అది సూర్యుడి లెక్క కాబట్టి తిథి ఏటా మారుతుంది. ఏ సంవత్సరం కథో నిర్ణయించుకుని పంచాంగం తెరవండి. నాగుల కథలైతే ఇంకో జాగ్రత్త. మన వైపు చాలా ఇళ్లలో పుట్టకు పాలు పోసేది శ్రావణంలో, కోస్తాలో కార్తికంలో.

జిల్లా పేర్లూ చూసుకోవాలి. 2022 ఏప్రిల్ తర్వాత జరిగే కథలో అహోబిలం, యాగంటి, నందవరం, బెలుం నంద్యాల జిల్లావి. కదిరి, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లావి. మర్రిమాను ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన, దాదాపు ఐదెకరాలు పరుచుకున్న ఆ చెట్టు కింద ప్రేమికులను నిలబెట్టాలని అందరికీ అనిపిస్తుంది. దాని కథ మొగుడి చితి ఎక్కిన తిమ్మమ్మది, చితికి పాతిన గుంజే చిగురించి మానైందంటారు. ఆ సంగతి వదిలేసి ఊడలూ నీడా మాత్రమే తీసుకోవడం దొంగతనంలా ఉంటుంది. దాన్ని త్యాగమని కీర్తిస్తే అంతకన్నా ఘోరం. ఆ చెట్టు జోలికి పోతే ఆ మంటనూ ఎదుర్కోండి, లేదంటే వేరే చెట్టు చూసుకోండి. సీమలో చింతచెట్లకు కరువా?

భాష దగ్గర ఎక్కువ పుస్తకాలు పడిపోతాయి. కథనం మామూలు వాడుక తెలుగులో నడిపి, సంభాషణ మాత్రం సీమ మాటలో పెట్టడం అన్నిటికన్నా తేలిక. నాగు కుర్రాడు పాతకాలంవాడు కదా అని గ్రాంథికం మాట్లాడిస్తారు. వద్దు. వెయ్యేళ్లుగా ఆ బావి కింద ఉన్నవాడు విన్నదంతా నీళ్లకొచ్చిన ఆడవాళ్ల మాటలే. వాడికి ఓబికన్నా పాత సీమ యాస రావాలి. మొదటి చిత్తులో ఇట్లా ఉంటుంది:

"ఎవరు నీవు? నా పాత్రను ఎందుకు పట్టుకున్నావు?" అని ఆమె విస్మయంతో ప్రశ్నించింది.

దిద్దాక ఇట్లా:

"ఎవురబ్బీ అది? నా చేద పట్టుకోనుండేది?"

"తాడు లాగొద్దమ్మీ. చెయ్యి కోసుకుంటాది."

"పేరేంది నీది?"

కిందినుంచి జవాబు రాలేదు. చేద మాత్రం బరువెక్కింది.

పిలుపులతోనే ప్రేమ ఎంత దూరం వచ్చిందో చూపవచ్చు. మొదట "అమ్మీ" అన్నవాడు, పదో అధ్యాయం దాటాక "మ్మే" అంటాడు. ఆమెకేమో "అబ్బీ" తప్ప దారి లేదు, పేరు పిలవకూడదు. ఆ ఒక్క "అబ్బీ"నే కోపంగా, బతిమాలుతూ, భయంగా, నిద్రలో, ఇన్ని రకాలుగా అనిపించగలిగితే చివరికి పేరు బయటపడే చోట పాఠకుడి గొంతు పట్టుకుంటుంది. ఇంట్లో నాయన, జేజి, జేజినాయన, చిన్నాయన ఉండాలి, డాడీ గ్రాండ్‌మా కాదు. పేర్లూ ఇక్కడివే: సుంకులమ్మ పేరున సుంకన్న, అహోబిలం నుంచి ఓబులేసు, మద్దిలేటి, గూగూడు కుళ్లాయిస్వామి పేరున కుళ్లాయప్ప, దస్తగిరి. చివరి రెండూ హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తాయి. యాసను ప్రతి మాటకూ పూయొద్దు, క్రియలకూ పిలుపులకూ చాలు. "పోతాండా", "జెప్తి", "యాడికి" లాంటివి వాక్యానికి ఒకటి పడితే చెవికి వినపడుతుంది, నాలుగు పడితే పాఠకుడు తడబడతాడు.

నిడివి విషయానికొస్తే తెలుగులో 45 నుంచి 55 వేల పదాలు సరిపోతాయి. ఇంగ్లీషులో ఇలాంటివి 80 వేలు దాటుతాయని చూసి భయపడొద్దు, మనం రెండు మూడు మాటలను ఒకే పదంలో ఇరికిస్తాం. 50 వేలనుకుంటే ఇద్దరూ ఎదురుపడేది మూడు వేలలోపే జరగాలి. బాస 10 వేల దగ్గర పాఠకుడికి పూర్తిగా తెలిసిపోవాలి. దాచి చివర్లో పేల్చుదామనుకోవడం పెద్ద తప్పు. షరతు తెలియని పాఠకుడికి ముద్ద నోటి దగ్గరికి వచ్చినా గుండె కొట్టుకోదు. తప్పడం సగానికి కాస్త అటుగా, 27, 28 వేల మధ్య. చాలామంది దీన్ని 45 వేల దగ్గర పెట్టి, మూల్యం చెల్లించడాన్ని రెండు పేజీల్లో కానిచ్చేస్తారు. బావి ఎండిన తర్వాతి ఊరే అసలు నవల, దానికి 15 వేల పదాలైనా ఇవ్వండి. సీరియల్‌గా వేసేవాళ్లు భాగానికి 1,200 నుంచి 1,500 పదాలు పెట్టుకుంటే, బాస తప్పేది ఇరవయ్యో భాగం దగ్గర పడుతుంది.

వయసు. హీరో హీరోయిన్లకు 18 నిండాయని మొదటి అధ్యాయాల్లోనే తెలిసేలా చేయండి. పద్దెనిమిదిలోపు వాళ్లు చట్టం లెక్కలో పిల్లలే, 2012 పోక్సో చట్టం వాళ్ల కోసమే ఉంది. ఇంటర్ పిల్లల మీద ముద్దు సీను రాసి తర్వాత అచ్చువేసేవాళ్లతో వాదించే బదులు డిగ్రీ మొదటి ఏడు అనుకుంటే పోతుంది. వెయ్యేళ్ల నాగు, పద్దెనిమిదేళ్ల పిల్ల అన్నదీ ఇబ్బందే. వాడి వెయ్యేళ్లూ నిద్రలో గడిచాయనో, కుబుసం విడిచినప్పుడల్లా ఆ వయసు జ్ఞాపకమూ పోతుందనో కట్టుకోండి. కుబుసం మాట నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే తర్వాతిసారి విడిచినప్పుడు ఓబినీ మరచిపోతాడు.

కథలు సేకరించేటప్పుడు హక్కుల గొడవ ఒకటుంది. ఊళ్లో చెప్పుకునే కథ ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒకరు తమ మాటల్లో పుస్తకంగా రాస్తే ఆ మాటలు వాళ్లవి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. కాబట్టి పుస్తకంలో చదివిన కథకు కనీసం ఇద్దరు ముగ్గురి నోట వేరే రూపాలు వినండి. తేడాలెక్కడ వస్తున్నాయో రాసుకోండి, మీ నవలకు చోటు దొరికేది ఆ తేడాల్లోనే. రికార్డు చేస్తుంటే ముందే అడగాలి, చెప్పినవాళ్ల పేరు వేయాలో వద్దో కూడా. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, పాత పుస్తకాలకు అక్కడికి పోవచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్లున్నారు. బంగారక్క, జుట్టుపోలిగాడు మధ్య నడిచే సరసం కాసేపు వింటే ప్రేమ సంభాషణలో వేగం ఎట్లా ఉండాలో తెలుస్తుంది. అందులో సగం పచ్చిగా ఉంటుంది, పిల్లల నవలకు పనికిరాదు. వేగం మాత్రం పనికొస్తుంది.

చిత్తు పూర్తయ్యాక సంభాషణలన్నీ విడిగా ఒక కాగితం మీదికి తీసి, పాత్రల పేర్లు చెరిపేసి, ఊళ్లో పెద్దావిడ ఎవరికైనా చదివి వినిపించండి. ఎవరు మాట్లాడుతున్నారో ఆమె చెప్పలేని చోట గుర్తు పెట్టుకుని, అక్కడికి మాత్రమే తిరిగి వెళ్లి దిద్దండి.